చలి బాధించని బలవంతుడు

ఇంటర్లో నేను సంస్కృతం తీసుకున్నది భక్తితో కాదు, మార్కుల కోసం. "తమ్ముడూ, తెలుగులో జవాబు రాసినా మార్కులేస్తారు, తీసుకో" అని మన హాస్టల్ అన్నలే చెప్పారు. మొదటిరోజే క్లాసులో ఒకడు "మీకెందుకురా సంస్కృతం?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఆ డిసెంబరులో మాస్టారు ఒక పాత పొడుపు శ్లోకం చెప్పారు. చలి ఏ బలవంతుణ్ణి బాధించదు? ఒకడు భీముడన్నాడు, ఇంకొకడు హనుమంతుడన్నాడు. "కంబళి ఉన్నవాణ్ణి సార్" అనేశాను నేను. మాస్టారు లేచి వచ్చి భుజం తట్టారు. "కం బలవంతం" అంటే ఏ బలవంతుణ్ణి అని. కలిపి చదివితే "కంబలవంతం", కంబళి ఉన్నవాణ్ణి. ప్రశ్నలోనే జవాబుంది. నాకది వ్యాకరణం వచ్చి తట్టలేదు. ఆ ఏడు మాకు దుప్పట్లు సంక్రాంతి దాటాకగానీ రాలేదు, ఒక్కదాని కింద ఇద్దరం పడుకునేవాళ్ళం.

అదే శ్లోకంలో ఇంకో ప్రశ్న: భార్యను పోషించేవాళ్ళెవరు? "కే దార" అన్న మాటలు కలిపితే "కేదార", అంటే పొలం. పొలాన్ని సాకేవాళ్ళు అని జవాబు. ఇది నాకు నచ్చలేదు. మా నాయన బతుకంతా పరుల పొలాన్నే సాకాడు.

డిగ్రీ అయ్యాక తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు చూశాను. గంటంతో గీసిన తెలుగు అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు. అప్పుడు తెలిసింది ఆ పొడుపు కిటుకు. అచ్చులో విడదీసి వేస్తే ప్రశ్నే కనిపిస్తుంది, కలిపి వేస్తే జవాబే కనిపిస్తుంది. ఆకు మీద రెండూ ఒకటే. మన సున్న కూడా రెండింటికీ సరిపోతుంది.

వీటిని ప్రహేళికలంటారు. జవాబు లోపలే ఉంటే అంతర్లాపిక, బయట వెతుక్కోవాల్సి వస్తే బహిర్లాపిక. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో 16 రకాలు చెప్పాడు. వినోదానికీ, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికీ, జనం మధ్యలో తెలిసినవాళ్ళు గుట్టుగా మాట్లాడుకోవడానికీ పనికొస్తాయన్నాడు. ఆ గుట్టు అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అయితే ఈ పొడుపుల మీద పేరుపొందిన విదగ్ధముఖమండనం రాసిన ధర్మదాసు బౌద్ధుడు. ఈ సంగతి ఇంటర్లోనే తెలిసుంటే ఆ అడిగినవాడికి చెప్పేవాణ్ణి.

సెలవుల్లో మా అవ్వకు ఆ చలి పొడుపు తెలుగులోనే వేశాను. కలిపే మాటలు లేవు, విడదీసే మాటలు లేవు. అవ్వ చుట్ట తీసి, "బలమేందిరా, గొంగళి ఉంటే చాలదా? ఇంకోటి చెప్పు" అంది.