గళ్ళలో ఒదిగిన బొమ్మలు

సూరత్ అన్న పేరు తెలుగు ఇళ్ళలోకి మొదట జరీ పోగుతో వచ్చింది. గద్వాల, ధర్మవరం చీరల అంచులలో మెరిసే జరీ ఎక్కడిదని అడిగితే నేతగాడు ఆ ఊరి పేరే చెప్పేవాడు. తరువాతి కాలంలో ఆ పేరు వెంట మనుషులు కూడా వెళ్ళారు. తెలంగాణ పల్లెలలో చేతిమగ్గం చల్లబడిన కొద్దీ పద్మశాలి కుటుంబాలు భివండి, షోలాపూర్, సూరత్ నగరాల మరమగ్గాల వైపు తరలిపోయాయి. సూరత్‌లోని ఉధనా, లింబాయత్, డిండోలి ప్రాంతాలలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నెలకొల్పింది. 2006లో నగరం తన పొలిమేరలను విస్తరించుకున్నప్పుడు డిండోలి అందులో కలిసింది.

ఇటువంటి పేటను తలచుకుంటూ వీడియో క్రీడల చిత్రకళ గురించి మాట్లాడడం మొదట విడ్డూరంగా తోచవచ్చు. కాని ఆ క్రీడలలోని బొమ్మలను సరిగా విలువ కట్టగల కన్ను ఎక్కడ ఉంటుందని వెదికితే, అది చిత్రశాలలలో కంటె మగ్గాల సందులలోనే దొరకవచ్చు.

సూరత్ మరమగ్గాలలో చాలా భాగం సాదా బట్టనే నేస్తాయి. దానిపై పువ్వులు అద్దకపు మిల్లులో పడతాయి. జాకార్డు అమర్చిన మగ్గాల కథ వేరు. అక్కడ పువ్వు బట్టపై పడదు, బట్టలోనే పుడుతుంది. అంతకంటె ముందు అది గళ్ళ కాగితం మీద పుడుతుంది. నిలువు గడులు పడుగు పోగులకు గుర్తు, అడ్డ వరుసలు పేకకు గుర్తు. రంగు నింపిన గడి దగ్గర పోగు పైకి లేవాలి. ఖాళీ గడి దగ్గర కిందనే ఉండాలి. ఆ కాగితాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడితే, ఆ అట్టల ఆజ్ఞ ప్రకారం మగ్గం నడుస్తుంది. 1804లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో జాకార్ రూపొందించిన ఈ ఉపాయమే తరువాతి గణనయంత్రాలకు ఒక విధంగా మూలపురుషుని వంటిది. రంధ్రం ఉందా లేదా అన్న రెండే మాటలతో మామిడిపిందెను, హంసను, ఏనుగును పలికించవచ్చునని అది లోకానికి చూపింది.

గళ్ళ కాగితం మీద వంపు గీయడం ఎంత కష్టమో గీసిన చేతికే తెలుసు. గడులు చతురస్రాలు, హంస మెడ గుండ్రన. ఒక్క గడి ఎక్కువైతే మెడ మెట్లు మెట్లుగా కనబడుతుంది, ఒక్క గడి తక్కువైతే విరిగినట్లుంటుంది. ఎక్కడ రెండు గడులు దాటాలో, ఎక్కడ ఒక్క గడి దగ్గర ఆగాలో నిర్ణయించేది కొలబద్ద కాదు, కన్ను.

సరిగా ఇదే సమస్యను పదహారు బిట్ల క్రీడాయంత్రాల చిత్రకారులు ఎదుర్కొన్నారు. జపానులో సెగా సంస్థ 1988 అక్టోబరులో మెగా డ్రైవ్ యంత్రాన్ని, నింటెండో సంస్థ 1990 నవంబరులో సూపర్ ఫామికామ్ యంత్రాన్ని విడుదల చేశాయి. మొదటిదానికి 512 వన్నెలు తెలుసు, కాని సాధారణంగా ఒక్కసారి తెర మీద చూపగలిగినవి 64కు మించవు. రెండవది 32,768 వన్నెలలో నుంచి 256 ఏరుకోగలదు. తెర అంతా ఎనిమిది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తు గల తునకలతో కూర్చినది. జ్ఞాపకస్థలం చాలదు కనుక ఒకే తునకను వందసార్లు వాడేవారు. అద్దంలో చూపినట్లు తిప్పి మళ్ళీ వాడేవారు. నేతగాడు దానిని బుటా అంటాడు. ఒక్క బుటాను చీర నిండా పరచి, అతుకు కనబడకుండా చేయడమే అక్కడా ఇక్కడా ఉన్న నేర్పు.

ఆ కాలపు క్రీడలలో అత్యంత సుందరమైనవి ఏవి అన్న వాదం నేటికీ తెగలేదు. 1991లో వచ్చిన సోనిక్ ద హెజ్‌హాగ్‌ను ఆ పంక్తి నుంచి తప్పించడం సాధ్యం కాదు. దాని తొలి ఘట్టంలో నేల గోధుమ వన్నె గళ్ళతో, ఎవరో గళ్ళ లుంగీని కొండచరియకు ఆరవేసినట్లు ఉంటుంది. అక్కడి జలపాతం ఇంకా విశేషం. నీటి వెనుక వస్తువు లీలగా కనబడాలంటే రెండు రంగులు కలవాలి. ఆ యంత్రానికి రంగులు కలపడం రాదు. కనుక చిత్రకారులు నీటిని సన్నని నిలువు గీతలుగా, గీతకూ గీతకూ నడుమ ఖాళీ విడిచి గీశారు. నాటి టెలివిజను తెర ఆ గీతలను కరిగించి నీరుగా చూపింది. పట్టు నేసేవారికి ఈ రహస్యం కొత్తది కాదు. నెమలికంఠం వన్నెను ఏ రంగుల కుండలోనూ కలపరు. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు, మిగిలిన పని చూసేవారి కన్ను చేస్తుంది.

డాంకీ కాంగ్ కంట్రీ 1994 నవంబరులో వచ్చింది. బ్రిటనులోని రేర్ సంస్థ ఖరీదైన గణనయంత్రాలపై త్రిమితీయ రూపాలను తయారు చేసి, వాటిని చిన్న బొమ్మలుగా కుదించి ఇందులో పొదిగింది. కోతి ఒంటి మీద వెలుగునీడలు నిజంగా పడుతున్నట్లే కనిపించి ప్రేక్షకులు నివ్వెరపోయారు. 90 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది నింటెండో యోషీస్ ఐలాండ్‌ను తెచ్చింది. అందులో కొండలకు రంగుబలపాల గరుకుదనం, రేఖలకు బాలుని చేతి వణుకు. చిత్రకారులు కాగితం మీద చేత్తో గీసి, ఆ గీతను గడి గడిగా తెర మీదికి తెచ్చారు. ఈ రెండింటిలో ఏది మిన్న? డిండోలి తూకంలో పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. మొదటిది అద్దకం, రెండవది నేత. మేలైన అద్దకం దూరానికి కళ్ళు చెదరగొడుతుంది, దగ్గరకు వస్తే బట్ట వేరు, బొమ్మ వేరు. నేతలో బట్టే బొమ్మ. ముప్పై ఏళ్ళు గడిచాక డాంకీ కాంగ్ కోతి పాత ఛాయాచిత్రంలా కొంత వెలిసింది. యోషీ కొండలు తడి ఆరని రంగులతోనే ఉన్నాయి.

ఆ కాలంలో ఇటువంటి యంత్రం మన దేశంలో సామాన్య గృహాలకు అందుబాటులో లేదు. పిల్లలు ఆడినవి ఎక్కువగా ఎనిమిది బిట్ల అనుకరణ పెట్టెలు. నేడు ఆ పాత క్రీడలు చేతి ఫోనులోనే ఆడవచ్చును గాని, అద్దం వంటి కొత్త తెర మీద గడుల అంచులు కత్తిరించినట్లు తేలుతాయి. జలపాతం మళ్ళీ గీతలై విడిపోతుంది. పోచంపల్లిలో చిటికి కట్టిన నూలుకు రంగు కొద్దిగా పాకి, నేతలో పోగు వెంట్రుకవాసి జరిగి, అంచు మెత్తబడుతుంది. ఆ పాకుడును లెక్కలో పెట్టుకునే నేర్పరి కడతాడు. నాటి క్రీడాచిత్రకారులు కూడా గాజుతెర మసకను లెక్కలో పెట్టుకునే గీశారు. ఆ మసకను తీసివేసి చూపడం వారి చిత్రానికి న్యాయం చేసినట్లు కాదు.

వారి పేర్లు కూడా చాలాకాలం మసకలోనే ఉన్నాయి. జపాను సంస్థలలో ఉద్యోగుల అసలు పేర్లు తెర మీద వేయకపోవడం ఆనాటి ఆచారం. పోటీదారులు పనివారిని లాక్కుపోతారన్న భయమే కారణమని చెబుతారు. సోనిక్ దృశ్యాలకు పనిచేసిన రియెకో కొదామా అనే చిత్రకారిణి ఫీనిక్స్ రీ అన్న మారుపేరుతో కనబడేది. ఫాంటసీ స్టార్ క్రీడలకూ ఆమె రూపకల్పన చేసింది. 2022లో ఆమె మరణించేనాటికి లోకం ఆమెను అసలు పేరుతో గుర్తించి గౌరవించింది. న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల సైతం 2012లో 14 వీడియో క్రీడలను తన సేకరణలో చేర్చుకున్నది.

మన దేశంలో వస్త్రానికి గౌరవస్థానం లేకపోలేదు. అహమ్మదాబాదులో 1949లో నెలకొన్న కాలికో వస్త్ర ప్రదర్శనశాల అందుకు సాక్ష్యం. గళ్ళ కాగితానికి మాత్రం అటువంటి ఆదరం లభించలేదు. అట్టలు అరిగితే పారవేస్తారు, కాగితం చిరిగితే చుట్టి మూలన పెడతారు. ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చిన తరువాత అట్టల అవసరమే తీరింది. నమూనా గీసేవాడు గణనయంత్రం ముందు కూర్చుని, తెర మీది చతురస్రాలలో రంగు నింపుతున్నాడు. అతని ఎదుట ఉన్న తెరకూ, కొదామా ఎదుట ఉన్న తెరకూ పెద్ద భేదం లేదు. గుండ్రని మెడకు ఎన్ని గడులు అన్న ప్రశ్న కూడా మారలేదు. అతను ముగించిన నమూనా మగ్గానికి చేరుతుంది, చీర మడత పడుతుంది, మడత మీద డిజైను నంబరు అంటిస్తారు. హైదరాబాదు అంగడిలో ఎవరికైనా ఆ చీర నచ్చితే, వర్తకుడు సూరత్‌కు ఫోను చేసి, అదే నంబరులో మరొక రంగు ఉందా అని అడుగుతాడు.