బాడ్బే కైఫియత్తు

అబర్డీన్

వసంతా,

నీ ఉత్తరం అందింది. మెకంజీ దొర రాయించిన ఊళ్ల చరిత్రలు, ఆ కడప కైఫియత్తులు ముందేసుకుని కూర్చున్నావన్నమాట. ఆ దొర దేశంలో ఉండి కూడా ఆయన పుట్టిన ఊరు స్టోర్నవే చూడలేదేమని దెప్పావు. అది లూయిస్ దీవిలో ఉందే తల్లీ, ఓడెక్కాలి. ఈలోగా బాడ్బే అనే పాడుబడ్డ ఊరు చూసొచ్చాను. దానికెవరూ కైఫియత్తు రాయించలేదు కాబట్టి నేనే రాస్తున్నాను, నవ్వకు.

స్కాట్లండు ఉత్తరపు కొసన, కైత్‌నెస్‌లో ఉంది. పెద్దరోడ్డు దిగి గడ్డిలో కాసేపు నడిస్తే సముద్రం మీదికి ఒరిగిన కొండవాలు, దాని కింద నిట్టనిలువు దరి. ఆ వాలు మీద ఊరు. ఒక్క ఇంటికీ కప్పు లేదు. మోకాలెత్తునో నడుమెత్తునో మిగిలిన రాతిగోడలు, అవీ సున్నం తగలకుండా రాయి మీద రాయి పేర్చినవే. ఇళ్లు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటాయి. ఒక కొసన మనుషులు, రెండో కొసన పశువులు, అందరికీ కలిపి ఒకటే కప్పు. వాలు మీద ఇలాంటి ఇల్లు కడితే పశువుల కొసను దిగువకి పెట్టుకోవడం ఆ ప్రాంతపు అలవాటు. పేడనీళ్లు బయటికి పోవాలి కదా. ఇంటి పక్కన రాతి ప్రహరీతో చిన్న చిన్న మళ్లు. ఆ నేలలో రాళ్లు ఏరితేగాని గింజ పడదు, ఏరిన రాళ్లే గోడలయ్యాయి. అంటే అక్కడ మడి, ఇల్లు ఒకే చాకిరీలోంచి వచ్చాయి. నేనెక్కువసేపు చూసింది ఆ గోడల్నే.

వచ్చినవాళ్లకి అక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. గాలికి దరి దాటి పడిపోతారని పశువుల్నీ పిల్లల్నీ తాళ్లతో కట్టేసేవారట. నిజమే కావచ్చు. కానీ ఆ తాళ్ల కథ విని అయ్యో అనేసి వెళ్లిపోతే అసలు సంగతి జారిపోతుంది. ఎవరైనా అలాంటి చోట కాపురం ఎందుకు పెడతారు?

బాడ్బే జనం అసలు లాంగ్‌వెల్, ఊస్‌డేల్, బెరిడేల్ లోయల వాళ్లు. 1790ల్లో అక్కడి భూములు గొర్రెల పాలయ్యాయి. మనుషులిచ్చే శిస్తుకంటే గొర్రెలమంద మీద వచ్చేది ఎక్కువ. లోయలోంచి లేచిపోయిన వాళ్లకి ఈ వాలు మిగిలింది. దొర నేలలో కౌలుకి పుచ్చుకునే ఇలాంటి చిన్న కమతాన్ని క్రాఫ్టు అంటారు. అప్పట్లో నేల దొరది, దాని మీద ఇల్లు మాత్రం రైతే కట్టుకోవలసి వచ్చేది. కమతం కడుపు నింపేది కాదు, కాబట్టి మగవాళ్లు హెర్రింగు చేపల వేటకి వెళ్లేవాళ్లు. రాళ్లు ఏరి నేల బాగుచేసినా దాని మీద హక్కు పుట్టేది కాదు, పొమ్మంటే పోవలసి వచ్చేది. కౌలుదారుని కదిలించకూడదనీ, చేసిన బాగుకి పరిహారం ఇవ్వాలనీ చట్టం వచ్చింది 1886లో. అప్పటికి బాడ్బే సగం వయసు ఎప్పుడో దాటేసింది.

ఇక నీకు పనికొచ్చే మాట. లాంగ్‌వెల్‌లో గొర్రెలు దించిన దొర సర్ జాన్ సింక్లెయిర్. పేరు విన్నట్టుందా? స్కాట్లండులో 900కి పైగా ఉన్న చర్చి పరగణాలకి 160కి పైగా ప్రశ్నలు పంపి, పంటలు, జనం, ధరలు, వాడుకలు అన్నీ రాయించి, 1791 నుంచి 1799 దాకా 21 సంపుటాలు అచ్చేసిన మనిషి ఆయనే. మెకంజీ సహాయకుడు కావలి బొర్రయ్య ఆయన దగ్గర పనికి కుదిరిందీ ఆ 1790ల్లోనే. అక్కడ పాదుర్లు జవాబు రాశారు, మన దగ్గర కరణాలు చెప్పారు. పాలికాపుని అడిగినవాళ్లు రెండు చోట్లా తక్కువే. సింక్లెయిర్ దుర్మార్గుడని నేననను. దేశం బాగుపడాలనే గొర్రెలు తెచ్చాడు, లెక్కలూ అందుకే రాయించాడు. నాకు మింగుడుపడనిది అదే. అంత వివరంగా ఊళ్ల సంగతి తెలిసిన మనిషికి కూడా, లోయలో ఉన్న మనిషి కొండ అంచుకి జరగడం బాగుపడటంలో భాగంగానే కనిపించింది.

చేపలు తగ్గాక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొందరు న్యూజిలాండు చేరారు. ఆఖరి మనిషి 1911లో ఊరు విడిచాడు. అదే ఏడు, అక్కణ్ణించి న్యూజిలాండు వెళ్లిన ఒకాయన కొడుకు ఊరి మధ్యలో రాతి స్తంభం ఎత్తించి, కాపురమున్న వాళ్ల పేర్లు చెక్కించాడు. ఊరికి దక్కిన రికార్డు అంటే అదీ, ఈ గోడలూ.

నీ కడప కైఫియత్తుల్లో కూడా పాడుబడ్డ గ్రామాలు తగులుతుంటాయి కదా. కరువు వచ్చిందనో, దండు వచ్చిందనో రాసి ఉంటారు. శిస్తు పెంచితే లేచిపోయారని ఏ కరణమైనా ధైర్యం చేసి చెప్పాడా? దొరికితే ఆ పుట యథాతథంగా ఎత్తి రాసి పంపు.

నీ
జానకి