నాన్న పడుకున్న బేస్‌మెంట్

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ఎంత రీసెర్చ్ చేస్తారో చెప్పక్కర్లేదు కదా. నేనూ అంతే. తూర్పు వాకిలా కాదా, స్కూల్ రేటింగ్ ఎంత, ఇండియన్ స్టోర్ ఎన్ని మైళ్ళు... అన్నిటికీ ఒక ఎక్సెల్ షీటు. ఫిలడెల్ఫియా శివార్లలో ఇల్లు దొరికింది. ఇన్‌స్పెక్షన్ ఫారంలో 'రేడాన్ టెస్ట్' అని ఒక గడి, దానికి వేరే ఫీజు. వద్దని కొట్టేశాను.

ఆ చలికాలం అమ్మానాన్న వచ్చారు. నాన్న తెల్లవారుజామున నాలుగింటికే లేచి టీవీ పెడతారు. పాప నిద్ర చెడుతుందని ఆయనకి బేస్‌మెంట్‌లో మంచం వేశాను. ఐదు నెలలు అక్కడే పడుకున్నారు. పగలు నేను ఇంటినుంచి పనిచేసేదీ అక్కడే.

వాళ్ళు తిరిగి వెళ్ళాక, ఆఫీసులో ఒకాయన చెప్తే కిట్ కొన్నాను. ఇరవై డాలర్ల లోపే. తలుపులు, కిటికీలు మూసి బేస్‌మెంట్‌లో మూడు రోజులు ఉంచి, ల్యాబ్‌కి పోస్ట్ చేశాను. లీటరు గాలికి 11.4 పికోక్యూరీలు అని వచ్చింది. 4 దాటితే బాగు చేయించుకోమంటుంది ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఈపీఏ.

రేడాన్‌కి రంగు లేదు, వాసన లేదు. నేలలోని యురేనియం క్షీణిస్తూ పోయే వరసలో పుట్టే వాయువు. పునాది పగుళ్ళలోంచి ఇంట్లోకి వస్తుంది. చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకి లేస్తూ నేలలోని గాలిని లోపలికి లాగుతుంది, పైగా కిటికీలన్నీ బిగించే ఉంటాయి. అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దీనివల్లే అని ఈపీఏ అంచనా.

అసలు ఈ సంగతి పెద్దగా బయటపడిందీ మా దగ్గర్లోనే. 1984లో లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రం కడుతున్నప్పుడు, స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు గేటు దగ్గరికి వస్తే చాలు రేడియేషన్ అలారం మోగేది. తీరా చూస్తే ఆయన అది ప్లాంటులో అంటించుకోలేదు, ఇంటినుంచి మోసుకొస్తున్నాడు! ఆ ఇంట్లో సుమారు 2,700 పికోక్యూరీలు.

ఫోన్లో చెప్తే నాన్న నవ్వేశారు. "జన్మలో చుట్ట ముట్టలేదురా, నాకేంటి?" అన్నారు. సిగరెట్ తాగనివాళ్ళలో ఈ క్యాన్సర్‌కి మొదటి కారణం రేడానే అని ఆయనకి చెప్పలేకపోయాను. ఐదు నెలలకే ఏదో అయిపోదు, ఇది ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే ముప్పు. నిజమే. కానీ ఆ గడి కొట్టేసింది నేనే కదా.

బేస్‌మెంట్ నేలకి కన్నం వేసి, పైపు పెట్టి, ఫ్యానుతో కింది గాలిని కప్పు పైకి తోలించాం. వెయ్యి డాలర్లు దాటింది. మళ్ళీ కొలిస్తే 1.2.

పక్కింట్లో తక్కువ వచ్చిందని ఊరుకోకండి, ఇంటింటికీ తేడా ఉంటుంది. ఈ వీకెండ్ ఇండియన్ స్టోర్‌కి వెళ్తూ హార్డ్‌వేర్ షాపు దగ్గర కూడా ఒకసారి ఆగండి. ముఖ్యంగా మీ బేస్‌మెంట్‌లో ఎవరికైనా మంచం వేసి ఉంటే.