నాలుగు వారాల సెలవు – నాలుగు నెలల చదువు

దేవుని కృపవలన జర్మనీ దేశంలోని కొన్ని దేవాలయాలను చూచే భాగ్యం మాకు కలిగింది. అయితే బయలుదేరేనాటికి మా మనసులో ఒక బరువు ఉంది. మా గ్రామ సంఘంలో నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన పెద్దాయన ఆ ఏడాదే ప్రభువు సన్నిధికి వెళ్లారు. తరువాతి ఆదివారం ఎవరో పెట్టె మూత తీశారు, మెట్ల మీద చేయి ఉంచారు, మళ్లీ మూసేశారు. నలభై ఏళ్లు ఆయన వాయిస్తే మేము పాడాము. ఆయన దగ్గర నేర్చుకోమని ఒక్క పిల్లవానినీ పంపలేదు.

మేము మొదట వెళ్లినది తురింగియా ప్రాంతంలోని ఆర్న్‌స్టాట్ అనే చిన్న పట్టణానికి. అక్కడి సంత మైదానంలో ఒక యువకుని విగ్రహం ఉంది. కాళ్లు చాపుకొని నిర్లక్ష్యంగా కూర్చున్న ఆ యువకుడే యోహాన్ సెబాస్టియన్ బాక్. 1703లో ఇక్కడి దేవాలయంలో కొత్త ఆర్గన్ అమర్చినప్పుడు, దానిని పరీక్షించడానికి పెద్దలు ఆయనను పిలిపించారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు. ఆ వాయింపు విని ఆర్గనిస్టు ఉద్యోగమే ఇచ్చారు.

ఆర్గన్ అంటే మన హార్మోనియానికి పెద్దన్న వంటిది. మన పెట్టెలో తిత్తి గాలి ఊదితే లోపలి రీడులు పలుకుతాయి. అక్కడ గాలి వందలాది గొట్టాలలోనికి వెళ్తుంది. వాయించేవారు చేతులతోపాటు రెండు పాదాలతోను మెట్లు నొక్కాలి. ఆ రోజుల్లో తిత్తులు తొక్కడానికి వేరే మనుషులుండేవారు.

ఇంత విద్య ఆ కుర్రవానికి ఎక్కడ అబ్బింది? పదేళ్ల వయసుకే తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు. ఓర్‌డ్రుఫ్‌లో ఆర్గనిస్టుగా ఉన్న పెద్దన్న ఇంట్లో చేర్చుకొని మెట్ల మీద వేళ్లు పెట్టడం నేర్పాడు. ఆ అన్న పాకెల్బెల్ అనే ప్రసిద్ధ ఆర్గనిస్టు శిష్యుడు. ఆ కాలంలో గురువు ఇల్లే బడి.

ఉద్యోగం దొరికింది గదా అని బాక్ చదువు మానలేదు. 1705 అక్టోబరులో నాలుగు వారాల సెలవు అడిగి, తన స్థానంలో ఒక బంధువును ఉంచి, ఉత్తరాన ఉన్న ల్యూబెక్ నగరానికి కాలినడకన బయలుదేరాడు. దూరం సుమారు 400 కిలోమీటర్లు. విజయవాడ నుండి విశాఖపట్నం కన్నా ఎక్కువ! మేము అదే దూరం రైలులో ఒక్క పగటిలో వెళ్లాము. కిటికీలోంచి దున్నిన పొలాలు, చెరువులు, గ్రామాల గోపురాలు చూస్తూ, చలిలో నడిచిన ఆ ఇరవై ఏళ్లవానిని తలచుకున్నాము.

ల్యూబెక్‌లోని మరియ దేవాలయం ఎర్రటి ఇటుకలతో ఆకాశాన్ని తాకుతున్నట్టుంటుంది. అక్కడ బుక్స్‌టెహూడ అనే వృద్ధ ఆర్గనిస్టు 1668 నుండి 1707లో మరణించేవరకు 39 ఏళ్లు సేవచేశారు. వాయించడమే కాదు, దేవాలయపు జమాఖర్చులు కూడా ఆయనే రాసేవారు. క్రిస్మసుకు ముందు ఆదివారాలలో ఆయన జరిపే సాయంకాల సంగీత సభలు దేశమంతటా పేరుపొందాయి. 39 ఏళ్లు అని వినగానే మాకు మా హార్మోనియం పెద్దాయన గుర్తుకొచ్చారు. కాని ఈయన యొద్దకు నేర్చుకొనేవారు నడిచి వచ్చారు!

ఆ దేవాలయపు దక్షిణ గోపురంలో పగిలిన గంటలు నేలమీద పడి ఉన్నాయి. 1942లో మట్టల ఆదివారపు రాత్రి బాంబు దాడిలో దేవాలయం కాలిపోగా, పైనుండి పడిన గంటలను పడినచోటనే ఉంచారు. పాత ఆర్గన్లు ఆ మంటల్లోనే బూడిదయ్యాయి. అయినా ఆ విద్య నిలిచింది. అది గొట్టాలలో కాదు, శిష్యుల చేతులలో ఉన్నది గనుక.

నాలుగు వారాలని వెళ్లిన బాక్ దాదాపు నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. 1706 ఫిబ్రవరి 21న సంఘ పాలకులు పిలిచి నిలదీశారు. తన విద్యలో కొన్ని సంగతులు నేర్చుకోవడానికి వెళ్లానన్నది ఆయన జవాబు. కీర్తనలలో వింత స్వరాలు కలిపి పాడేవారిని తికమక పెడుతున్నాడని కూడా వారు గద్దించారు. ఆ పాలకులను మేము తప్పుపట్టము. పాట తడబడితే ఏ సంఘానికైనా కష్టమే. అయితే నేర్చుకొన్నవాడు మొదట కొంత తడబడకుండా ఉండడు. ఆ బాకే తరువాత వైమార్‌లో ఉండగా, నేర్చుకొనే ఆర్గనిస్టుల కోసం నలభైకి పైగా కీర్తన రాగాలకు పాఠాలు కూర్చాడు. దేవుని ఘనత, పొరుగువాని మేలు, ఈ రెండే దాని ఉద్దేశమని మొదటి పుటలో రాసుకున్నాడు.

నేడు జర్మనీలో ఈ చదువుకు మెట్లున్నాయి. దీనినే జీవనోపాధిగా చేసుకొనేవారు సంగీత కళాశాలలో బి, ఏ పరీక్షలు ఇస్తారు. ఆర్గన్‌తోపాటు గాయక బృందాన్ని నడపడం, కీర్తనల చరిత్ర, ఆరాధన క్రమం కూడా నేర్చుకోవాలి. వేరే పని చేసుకొంటూ ఆదివారం వాయించేవారికి సి పరీక్ష ఉంది. మాకు ఎక్కువ నచ్చినది ఇదే. చిన్న సంఘాలకు వాయించేవారు దొరికేది ఈ దారినే.

ఇది మనకు కొత్త సంగతి కాదు. దావీదు కాలంలో పాటలో ప్రవీణులైన 288 మంది లెక్కించబడి, గురువు శిష్యుడు అనే తేడా లేకుండా చీట్లు వేసుకొన్నారని మొదటి దినవృత్తాంతముల గ్రంథం 25వ అధ్యాయంలో చదువుతాము.

తిరిగి వచ్చాక సంఘ పెద్దలతో మాట్లాడాము. పొరుగూరి సంఘంలో వాయించే సహోదరుడు ఇప్పుడు శనివారం సాయంత్రాలు వస్తున్నారు. ఆయన బస్సు ఛార్జీ, చిన్న గౌరవ వేతనం కానుకలలో నుండి ఇస్తున్నాము. ఒక అబ్బాయి, ఇద్దరు అమ్మాయిలు నేర్చుకొంటున్నారు. మొన్న ఆదివారం వారిలో ఒకరు వాయించగా రెండో చరణంలో శ్రుతి తప్పింది. ఒక్క క్షణం అందరం ఆగిపోయాము. తరువాత ఒక అవ్వ గొంతెత్తి అందుకుంది, ఆ బిడ్డ మెట్టు వెదికి కలుపుకుంది, పాట సాగింది.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలో వాయించే పెద్దలు ఇంకా సజీవులై ఉన్నారా? ఈ వారమే ఒక బిడ్డను వారి ప్రక్కన కూర్చోబెట్టండి.