మిషను ఎందుకు ఆగింది?

సంచికకు ఏదైనా రాయవోయ్ అని యూనియన్ మిత్రులు అడిగితే, నాకు కవిత్వం రాదన్నాను. "నీకు తెలిసిందే రాయి" అన్నారు. నాకు తెలిసినవి రెండే: వ్యవసాయం, కాస్త ఫిజిక్సు. ఆ రెండూ కలిసిన చోట నా తప్పొకటి ఉంది. అదే రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 170, 180 కిలోమీటర్ల వేగం. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మా ఇల్లు కూర్మన్నపాలెంలో, తోట లంకెలపాలెం అవతల. గాలి తగ్గాక వెళ్లి చూస్తే మామిడి, సరుగుడు వేళ్లతో సహా పడి ఉన్నాయి. నాన్న ఏమీ అనలేదు. గట్టు మీద కూర్చుని ఆరిపోయిన బీడీనే మళ్లీ మళ్లీ వెలిగించాడు.

కరెంటు లేదు. బంకుల దగ్గర బారులు. మావయ్య తన పెట్రోలు రంపం మిషను ఇచ్చాడు. నాలుగు రోజులు పొద్దుగూకేదాకా దాంతోనే కోత. పెట్రోల్లో టూటీ ఆయిలు కలపడం నా పని. లీటరుకు 20 మిల్లీలీటర్లు. నాలుగో రోజు సీసా చేతిలోంచి జారి ఆయిలంతా మట్టిపాలైంది. భయపడి ఉత్త పెట్రోలే ఇచ్చేశాను. అరగంటకల్లా మిషను కీచుమని బిగిసిపోయింది.

"ఏటైందిరా?" అన్నాడు నాన్న.

"నాకేటి తెల్సు?" అన్నాను.

పడిన చెట్ల కలప అమ్మగా వచ్చిన డబ్బులో సగం మావయ్య మిషను కిందే పోయింది.

డిగ్రీలో చేరాక గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు దగ్గర అలాంటి ఇంజను విప్పగా చూశాను. మోటారు సైకిలుకైతే ఇంజను అడుగున ఆయిలు నిలవ ఉంటుంది. రంపం మిషనుకు ఆ వసతి లేదు, ఎటు వంచినా అది నడవాలి కదా! క్రాంకు షాఫ్టుకు రెండు వైపులా ఉన్న బాల్ బేరింగులకూ, కనెక్టింగ్ రాడ్డు అడుగున సూదుల్లాంటి రోలర్లకూ పెట్రోలుతో కలిసి వచ్చే ఆయిలే ఆధారం. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే చోట ఆ పలచని పొర పోతే ఉక్కును ఉక్కే రాసుకుంటుంది. వేడికి గోళీలను విడివిడిగా పట్టి ఉంచే చట్రం విరిగిపోతుంది.

"ఆయిలొక్కటే కాదు బాబూ" అన్నాడు మెకానిక్కు. మట్టి పట్టిన దుంగలు కోస్తే చైను మొద్దుబారుతుంది. అప్పుడు మనిషి బలంగా నొక్కుతాడు. చైను మరీ బిగిస్తే క్లచ్చి వైపు బేరింగు మీద లాగుడు పడుతుంది. గాలి ఫిల్టరు దులపకపోతే దుమ్ము లోపలికి పోతుంది. సీలు అరిగితే అదనంగా గాలి పీల్చి ఇంజను కాగిపోతుంది. దీనికి మా పుస్తకంలో లెక్క కూడా ఉంది: బాల్ బేరింగు మీద బరువు రెట్టింపయితే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

మా మిషనుకు వీటిలో చాలా జరిగాయి. మూడో రోజు నుంచే అది గరగరమంటూ ఉంది. తాడు లాగితే చేతికి గరుగ్గా తగిలేది. తోటంతా అలా పడి ఉంటే ఎవరు ఆపుతారు?

మొన్న సంక్రాంతికి ధైర్యం చేసి నాన్నకు చెప్పేశాను. నాన్న నవ్వాడు.

"మట్టిలో ఆయిలు మరక నాను సూడలేదనుకున్నావేటి? మిషను ముందురోజే అరిసింది. ఆపాల్సినోణ్ణి నానే."

ఇన్నేళ్లూ ఇద్దరం ఎవరి తప్పు వాళ్లం దాచుకున్నామన్నమాట.

మిత్రులారా, మీ ఇళ్లల్లో రంపం మిషనో, మందు కొట్టే మిషనో ఉంటే ఆయిలు కొలిచి పొయ్యండి. చైను పదును చూసుకోండి. గరగరమంటే వెంటనే ఆపండి. ఒకవేళ ఆయిలు ఒలకబోసుకుంటే ఆ రోజే ఇంట్లో చెప్పెయ్యండి. నాలాగా ఇన్నేళ్లు మోయకండి.