ఇంటికీ ఊపిరి కావాలి!

పోచంపల్లి అనగానే ఎవరికైనా పట్టుచీర గుర్తొస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చిన ఘట్టం గుర్తొస్తుంది. ఆ ఊళ్లో చూడాల్సింది ఇంకొకటుంది... పాత ఇళ్లు!

హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. ఒకప్పుడు నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఈ ఊళ్లో 'నూటొక్క దర్వాజల ఇల్లు'గా పేరుపడ్డ పాత ఇల్లొకటి ఉంది. అన్ని దర్వాజలెందుకని ఇప్పటి పిల్లలు నవ్వుకోవచ్చు. కానీ ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు చూసే నేల ఇది. ఇంట్లోకి గాలి రావాలి, వచ్చిన గాలి పోవాలి.

గవాచి గొప్పతనం

ఈ ప్రాంతపు పాత ఇళ్లకు మందపాటి మట్టిగోడలు. కాస్త ఉన్నవాళ్లదైతే భవంతి, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి. రాత్రి చల్లగాలి వాకిట్లోకి దిగుతుంది. పగలు వేడిగాలి పైకి లేచి వెళ్లిపోతుంది. వంటింటి పైకప్పులో గవాచి ఉంటే పొగ అటు నుంచే పోతుంది, వెలుతురు అటు నుంచే వస్తుంది. నేత ఇళ్లలో ఇంకో చిక్కు. గుంట మగ్గం దగ్గర నేలతేమ ఉండాలి, లేకుంటే పోగు తెగుతుంది. అలాగని గది మూసేస్తే రంగుల వాసన అక్కడే నిలిచిపోతుంది.

ఇప్పుడు అలాంటి ఇళ్ల చోట స్లాబులు వచ్చాయి. గవాచి పోయింది, వాకిలి హాలైంది. ఏసీ పెట్టాక కిటికీ తెరిచేవాళ్లే తక్కువ!

కెనడాలో కథ వేరు

ఈ పల్లెల నుంచి అమెరికా, కెనడా వెళ్లిన పిల్లల ఇళ్లలో సమస్య తిరగబడుతుంది. బయట మైనస్ 20 డిగ్రీలు. కిటికీ తెరిస్తే డబ్బుపోసి వేడిచేసిన గాలంతా బయటికి పోతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడ ఇళ్లను సందు లేకుండా బిగించడం ఎక్కువైంది. దాంతో గాలి ముక్కిపోవడం, అద్దాల మీద నీళ్లు కారడం, గోడలకు బూజు.

దానికి విరుగుడు 1977లో కెనడాలోని రెజైనాలో కట్టిన 'సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్'లో కనిపించింది. బయటికి పోయే పాతగాలి, లోపలికి వచ్చే కొత్తగాలి ఒకే పెట్టెలో పక్కపక్కనే వెళ్తాయి. మధ్యలో పల్చటి పలకలుంటాయి కాబట్టి రెండూ కలవవు. వేడి మాత్రం ఇటు నుంచి అటు మారుతుంది. ఆ వేడిలో 75 శాతం తిరిగి దక్కిందనుకుంటే... ఇంట్లో 20 డిగ్రీలు, బయట మైనస్ 20 ఉన్నప్పుడు కొత్తగాలి 10 డిగ్రీలతో లోపలికొస్తుంది! ఫిల్టర్లు శుభ్రం చేయాలి, పెట్టెలో మంచు పేరుకోకుండా చూసుకోవాలి. అంతే.

మనకేం పని?

ఉంది. సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపులు మూసుకుని నలుగురు పడుకున్న గదిలో తెల్లారేసరికి తల బరువెక్కడానికి అదీ ఓ కారణం కావచ్చు. ఆ పెట్టె ఇక్కడా పనికొస్తుంది, కాకపోతే తిరగేసి. బయట 45, లోపల 25 ఉంటే అదే 75 శాతం లెక్కన కొత్తగాలి 30 డిగ్రీలకు చల్లబడి వస్తుంది.

అందరూ అది కొనక్కర్లేదు. కొత్తిల్లు కడుతున్నవాళ్లు ఎదురెదురుగా కిటికీలు, పైన వెంటిలేటర్లు, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వదిలిపెట్టకూడదు. ఏసీ గది కిటికీని తెల్లవారుజామున చల్లబడ్డాక కాసేపైనా తెరవాలి. మేస్త్రీ ప్లాను గీసే రోజునే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఇంట్లోకి గాలి ఎటు వస్తుంది, ఎటు పోతుంది?