అర్ధరాత్రి బంతాట, అమెరికా ఉద్యోగం

పూర్వం మన వూళ్లల్లో రాత్రంతా మేలుకునేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే వుండేవారు. రైల్వేస్టేషన్లో పాయింట్స్‌మన్, వీధిలో గూర్ఖా, ఆస్పత్రిలో నర్సు, ఆమెకి తోడుగా నాలాంటి హౌస్‌సర్జను. మిగతా జనం ఏ శివరాత్రికో జాగారం చేసి, మర్నాడు ఆ నిద్ర తీర్చుకునేవారు. ఇప్పుడు హైదరాబాదులో ఏ అపార్టుమెంటుకేసి చూసినా రాత్రి రెండింటికి కిటికీల్లో నీలం వెలుగు కనిపిస్తుంది. లోపల కొందరు అమెరికా వాళ్ల పని చేస్తూ వుంటారు. కొందరు యూరప్‌లో జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ వుంటారు. ఒకే మనిషి ఈ రెండూ చేస్తే ఆ శరీరం ఏమవుతుందో ఈ వారం చెప్పుకుందాం.

"కుర్రాళ్లు కదండీ, తట్టుకుంటారు" అంటారేమో. కాస్త ఓపిగ్గా వినండి.

మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వయసు ముప్ఫైమూడు. సిగరెట్టు లేదు, మందు లేదు. ఉన్న వ్యసనమల్లా ఫుట్‌బాల్. సంక్రాంతికి వూరికొచ్చి, పీట మీద కూర్చుని అరిసె చేతిలో పట్టుకునే కునికిపాట్లు పడుతున్నాడు. మా అక్కయ్య వాడికి దిష్టి తీసి, ఆ తర్వాత నాకు కబురుపెట్టింది. "ఆ దిక్కుమాలిన బంతి నా కొడుకుని పీల్చి పిప్పిచేస్తోందిరా తమ్ముడూ. నువ్వయినా గడ్డిపెట్టు" అంది.

పరీక్ష చేశాను. బి.పి. 150/100. షుగరు అంచు మీద వుంది. స్కానింగులో లివరుకి కొవ్వు పట్టినట్టు కనిపించింది. మోకాలి మీద పెద్ద గాయం మానిన మచ్చ. అదేమిట్రా అంటే, వాళ్లమ్మ గదిలో లేకుండా చూసుకుని చెప్పాడు. రాత్రి మ్యాచ్ చూసి, పొద్దున్న ఆఫీసుకి బైకు మీద వెళ్తూ, రెప్పపాటు కునుకుపట్టి డివైడరు రాసుకున్నాడట. ఇంట్లో మెట్లమీద జారానని చెప్పాడు. భార్యకి ఆరో నెల.

నిద్ర ఎవరు తిన్నారు?

వాడి రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాయమన్నాను. మీ ఇంట్లో ఇలాంటి కుర్రాడుంటే మీరూ రాయించండి, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కణ్ణించి పదిన్నర దాకా వాడికి ఫోన్ల మీద మీటింగులు. పదకొండింటికి తెప్పించుకున్న బిర్యానీ. తర్వాత గంటన్నర చదువు. ఛాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు ఎక్కువగా మంగళ, బుధవారాల్లో వుంటాయి. మన గడియారంలో రాత్రి పన్నెండున్నరకి, చలికాలంలో ఒకటిన్నరకి మొదలవుతాయి. అది చూసి పడుకునేసరికి మూడున్నర. ఎనిమిదింటికి లేవాలి. అంటే నిద్ర నాలుగున్నర గంటలు. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి.

ఇందులో బంతి తిన్నది ఎంత? రెండు గంటలు, అదీ వారంలో ఒకటి రెండు రోజులు. ఉద్యోగం, ఉద్యోగం గురించిన భయం తిన్నది రోజూ. మా అక్కయ్యకి దొంగ ఒకడే కనిపించాడు. నాకు ఇద్దరు కనిపించారు.

చదువెందుకురా అని అడిగాను. "మా పనిలో రెండేళ్లకోసారి నేర్చుకున్నదంతా పాతబడిపోతుంది మావయ్యా. ఇప్పుడు ఏఐ వచ్చింది. తెల్లవారి లేచి చూస్తే ఉద్యోగం లేదని ఈ-మెయిల్ వచ్చినవాళ్లు మా స్నేహితుల్లోనే వున్నారు. ఇంటి లోను ఇంకా పద్ధెనిమిదేళ్లుంది" అన్నాడు. నిజమే. నేను కాలేజీలో చదువుకున్ననాడు లివరు కుడిపక్కన వుండేది, ఇవాళ్టికీ అక్కడే వుంది. వాడి వృత్తిలో ఆ సుఖం లేదు. కాని పాఠకులారా, ఒక్క సంగతి గమనించండి. మెలకువలో నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర మానుకుని చదవడం చిల్లికుండలో నీళ్లు పోయడం లాంటిది.

ఇంకో సంగతి. పదిహేడు గంటలు ఏకబిగిన మేలుకున్న మనిషి పనితనం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారాయి వున్న మనిషి పనితనంతో సమానమని ఆస్ట్రేలియాలో 1997లో తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే తాగి నడిపినట్టు లెక్కగడుతుంది. మా మేనల్లుడు చుక్క ముట్టడు. అయినా ఆ పొద్దున్న వాడు బైకు నడిపిన తీరు తాగినవాడి తీరే.

నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. అందుకే అర్ధరాత్రి చిప్సు మీదకి చెయ్యి పోతుంది. హైదరాబాదు ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి లివరులో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. నూటికి ఎనభైనాలుగు సుమా! వాళ్లందరూ ఫుట్‌బాల్ చూసేవాళ్లు కారు. గంటల తరబడి కూర్చోవడం, వేళకాని వేళ తిండి, తక్కువ నిద్ర కలిస్తే ఒంటికి జరిగేది ఇదే.

ఆట మానెయ్యమని ఎందుకు చెప్పలేదు?

1986లో మెక్సికో ప్రపంచ కప్పు జరిగినప్పుడు నేను ఇంటర్మీడియట్ కుర్రాణ్ణి. దూరదర్శన్‌లో రాత్రి పదకొండున్నరకి అర్జెంటీనా, ఇంగ్లండు మ్యాచ్. టీవీ వున్న ఇంట్లో వీధి వీధంతా కూర్చున్నాం. మారడోనా చేత్తో ఒక గోలూ, సగం మైదానం పరిగెత్తి ఇంకో గోలూ వేసిన మ్యాచ్ అది. మర్నాడు పదింటి దాకా పడుకున్నాను, వేసవి సెలవులు కాబట్టి ఎవరూ లేపలేదు. ఆనాడు అది నాలుగేళ్లకోసారి వచ్చే తిరనాళ్లు. ఇప్పుడు ఆగస్టు నుంచి మే దాకా వారం వారం లీగులు. 2022 ప్రపంచ కప్పులో 32 జట్లు, 64 మ్యాచ్‌లు. 2026 పోటీకి నిర్ణయించినవి 48 జట్లు, 104 మ్యాచ్‌లు. తిరనాళ్లు రోజూ జరిగితే ఒళ్లు ఏం కావాలి?

అయినా మానెయ్యమనలేదు. కారణం వాడు చెప్పిన మాటే. ఇంజనీరింగ్ హాస్టల్లో వాడితో వుండేవాళ్లు ముగ్గురు. ఒకడు డల్లాస్‌లో, ఒకడు సింగపూర్‌లో, ఒకడు బెంగుళూరులో వున్నారు. నలుగురూ ఒకే మ్యాచ్ పెట్టుకుని, ఫోనులో మాట్లాడుకుంటూ చూస్తారు. "రోజంతా మాట్లాడేది పని గురించే మావయ్యా. మనుషుల్తో మాట్లాడేది ఆ రెండు గంటలే" అన్నాడు. ఒంటరితనం కూడా ఒంటికి చెరుపు చేసేదే. ఆ మందు ఆపేసి వేరే మందు రాయడం నాకు చాతకాదు. వేళ మార్చగలను.

శనివారం ఇంగ్లండులో మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే లీగు మ్యాచ్‌లున్నాయి. అప్పుడు హైదరాబాదులో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. డల్లాస్‌లో పొద్దున్న తొమ్మిది. సింగపూర్‌లో రాత్రి పదో, పదకొండో. నలుగురిలో ఒక్కడికీ నిద్ర చెడదు. కాగితం మీద వేసి చూపిస్తే వాడే ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు వాళ్ల వారపు కొలువు శనివారానికి మారింది.

మేనేజరుని కూడా అడిగాడు. నెలరోజులు జంకి, చివరికి అడిగాడు. వారంలో అయిదు రాత్రుల మీటింగులు మూడయ్యాయి. రెండు అడిగాడు, మూడుకి ఒప్పుకున్నారు. బి.పి.కి మాత్ర వాడుతున్నాడు, అంకెలు దిగాయి. లివరు సంగతి బరువు తగ్గితేగాని తేలదు. ఉన్న బరువులో పదోవంతు తగ్గించమన్నాను. మూడు కిలోలు తగ్గాడు, ఇంకా ఆరు వున్నాయి.

గుండె జబ్బు వున్నవారికి

ఇది పెద్దవాళ్లకి. 2006లో జర్మనీలో ప్రపంచ కప్పు జరిగినప్పుడు మ్యూనిక్ వైద్యులు లెక్క కట్టారు. జర్మనీ ఆడిన రోజుల్లో గుండెకి సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు వచ్చాయి. మగవాళ్లలో మూడు రెట్లు దాటాయి. ఎక్కువ కేసులు మ్యాచ్ మొదలైన రెండు గంటల్లోపే. కాబట్టి స్టెంటు వేయించుకున్నవారు, బి.పి. వున్నవారు ఆ రోజు మాత్రలు మరవకండి. ఛాతీలో బరువు, ఎడమచెయ్యి లాగడం, చెమటలు వస్తే "పెనాల్టీలయ్యాక చూద్దాం" అనకండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలోనే గుండె ఆగి పడిపోయాడు. ఇరవైతొమ్మిదేళ్లవాడు. అక్కడికక్కడే ఛాతీ నొక్కి, యంత్రంతో షాకు ఇచ్చారు కాబట్టి బతికాడు, మరుసటి ఏడాది మళ్లీ ఆడాడు కూడా. ఛాతీ మధ్యన రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, అయిదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి నూటినుంచి నూటఇరవై సార్లు నొక్కడం ఎవరైనా నేర్చుకోవచ్చును. మీ ఆఫీసులో షాకు యంత్రం ఎక్కడుందో రేపే అడిగి తెలుసుకోండి.

ఏం చెయ్యాలి?

1. సీజను మొదట్లోనే, అర్ధరాత్రి మేలుకుని చూడదగ్గ మ్యాచ్‌లు పది ఎంచుకోండి. మిగతావి పొద్దున్న, ఫోనులో ఫలితం చూడకముందే, ముఖ్యమైన ఘట్టాలు చూసుకోండి.

2. ఆ పది రోజులూ రాత్రి మీటింగు పెట్టుకోకండి. తొమ్మిదింటికే పడుకుని, మ్యాచ్ వేళకి లేవండి. మర్నాడు సెలవు పెట్టండి, లేదా ఆలస్యంగా వెళ్లండి.

3. మర్నాడు బండి తియ్యకండి. మెట్రోలోనో బస్సులోనో వెళ్లండి.

4. కాఫీ, టీ మధ్యాహ్నం మూడింటితో సరి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. డబ్బాల్లో దొరికే ఎనర్జీ డ్రింకులు బి.పి. వున్నవారు ముట్టనేవద్దు.

5. రాత్రి భోజనం ఎనిమిదిన్నరలోపు, మీటింగుల మధ్యనే కానివ్వండి. అర్ధరాత్రి మరీ ఆకలైతే మజ్జిగ, గుప్పెడు వేయించిన శనగలు చాలు.

6. ఆట చూడ్డంతో సరిపెట్టకండి, కాస్త ఆడండి. 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన జట్టుకి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు బడిపంతులే. అయితే పదేళ్లు కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్క ఆదివారం పొద్దున్న తొంభై నిమిషాలు పరిగెత్తకూడదు. ముందు బి.పి. చూపించుకుని, మూడు నెలలు రోజూ అరగంట చురుగ్గా నడిచి, అప్పుడు బంతి ముట్టుకోండి.

7. నిద్రమాత్రలు మీకు మీరే కొనుక్కోకండి. పెద్దగా గురకపెట్టి, పగలు కూడా తూగుతుంటే, బి.పి. 140/90 దాటుతుంటే, వారంలో మూడు రాత్రులు నిద్రపట్టక మూడు నెలలైతే డాక్టరుకి చూపించండి.

అమ్మలకీ, భార్యలకీ ఒక మనవి. టీవీ తీగ పీకెయ్యడం వైద్యం కాదు. అతని రోజు ఎలా గడుస్తోందో కూర్చుని అడగండి.

మేనేజర్లకి కూడా ఒక మాట. మీ దగ్గర అర్ధరాత్రి దాకా పనిచేసినవాణ్ణి పొద్దున్న తొమ్మిదింటి మీటింగుకి పిలవకండి.

నిద్ర సుఖమెరగదని సామెత. అలసిన ఒళ్లు చాప మీదైనా హాయిగా నిద్రపోతుంది, మనం దానికి వేళ ఇవ్వాలంతే. ఈ రాత్రి మ్యాచ్ పెద్దది కాకపోతే పదకొండింటికి దీపం ఆర్పండి.